చెఱ విడిచి వచ్చినవాడు

గ్రామపెద్దలారా,

నేడు నేను చెప్పబోవు విషయము పంటలను గుఱించి కాదు, పశువులను గుఱించి కాదు. చెఱసాలనుండి విడుదలయై ఇంటికి వచ్చిన మనిషిని గుఱించి నాలుగు మాటలు విన్నవింపవలెనని సంకల్పించితిని. ఇది మనకెందుకు, పోలీసువారును న్యాయస్థానములును చూచుకొందురు కదా యని కొందఱనవచ్చును. నేరమును విచారించుట న్యాయాధిపతి పని. శిక్షను జరిపించుట జైలు అధికారి పని. కాని శిక్ష ముగిసిన పిమ్మట ఆ మనిషిని మరల మనిషిగా నిలువనిచ్చుట ఊరి పని. మొదటి రెండు పనులకును చట్టములు కలవు, జీతగాండ్రు కలరు, పెద్ద పెద్ద కట్టడములు కలవు. మూడవ పనికి మీరు తప్ప వేఱొకరు లేరు.

మొదట నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పెదను. మా ఊరిలో ఒక కూలివాడు కళ్లములోని ధాన్యము రెండు బస్తాలు రాత్రివేళ తరలించి పట్టుబడి, ఆఱు మాసములు శిక్ష యనుభవించి వచ్చెను. అతడు నేరము చేసిన మాట నిజము. న్యాయాధిపతి యెదుట అతడే ఒప్పుకొనెను. వచ్చిన తరువాత మూడు నెలలపాటు పని యడుగుచు ఇల్లిల్లు తిరిగెను. "చూతములే" అన్నవారే గాని పిలిచినవారు లేరు. అతని భార్యను మాత్రము నాట్లకు పిలిచిరి. ఇంతలో మా యింటి ఇత్తడి బిందె యొకటి కానరాకపోయెను. మా తండ్రిగారు ఊరిలో పెద్దమనిషి. నలుగురు వచ్చి ఒకే పేరు చెప్పగా విని, వారు ఠాణాకు కబురు పంపిరి. జవానులు వచ్చి ఆ మనిషిని తీసికొనిపోయి, రెండు దినములు ఉంచుకొని విడిచిరి. బిందె దొరకలేదు. వారము తిరుగకముందే అతడు భార్యాబిడ్డలతో ఊరు విడిచి పోయెను.

ఆ వేసవిలో మా పెరటి నూతిలో పూడిక తీయించితిమి. బురదలోనుండి బిందె వచ్చెను. తెగిన త్రాటిముక్క దాని మెడకు ఇంకను ఉండెను. మా తండ్రిగారు దానిని కడిగించి లోపల పెట్టించిరి గాని, మరల దానితో నీళ్లు తెచ్చినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆ మనిషి కొఱకు చుట్టుపట్టుల రెండు మూడు ఊళ్లకు కబురు పంపిరి. జాడ తెలియలేదు.

మా తండ్రిగారు క్రూరులు కారు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినవారే, తగవు వచ్చినచో ఇరువురి మాటయు విన్నవారే. కాని ఆ దినమున ఒక వైపు మాటనే వినిరి. ఏలయనగా రెండవ వైపువాడు ఒక పర్యాయము చెఱసాలకు పోయి వచ్చినవాడు. న్యాయస్థానము అతనికి ఆఱు మాసముల శిక్ష విధించెను. ఆ శిక్షకు గడువు వ్రాసియుండెను. తక్కిన శిక్షను మేము విధించితిమి. దానికి గడువు వ్రాయలేదు. నేను చెప్పదలచిన దంతయు ఈ గడువును గుఱించియే.

ఇట్టి గడువు లేని అనుమానమును ఒక కాలమున ప్రభుత్వమే చట్టముగా చేసెను. దాని ఫలమెట్లుండెనో మన తెలుగుదేశముననే చూచితిమి గాన, ఆ చరిత్రను కొంచెము వివరముగా చెప్పెదను.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వమువారు "నేరస్థ జాతుల చట్టము" అనుదానిని చేసిరి. నేరము చేసినవానిని నేరస్థుడనుట లోకరీతి. ఈ చట్టమునందు మాత్రము కొన్ని జాతులలో పుట్టుటయే నేరమునకు గుఱుతయ్యెను. మొదట ఉత్తర హిందూస్థానమునకు వర్తించిన యీ చట్టము 1911లో మార్పునొంది మన మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ప్రభుత్వము ఒక జాతిని నేరస్థ జాతియని ప్రకటించినచో, అందలివారి పేళ్లు రిజిస్టరు కెక్కించుటకును, వారి వ్రేలిముద్రలు తీసికొనుటకును అధికారులకు హక్కు కలిగెను. అట్టివారు నియమిత కాలములందు హాజరు చెప్పుకొనవలెను. ఊరు కదలవలెనన్నచో ముందుగా తెలుపుకొనవలెను. నిర్ణయించిన హద్దు దాటి కనబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చును. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ప్రత్యేకమైన బడులలో నుంచుటకును ఆ చట్టము అధికారమిచ్చెను. ఆ ప్రకటన న్యాయమా, అన్యాయమా యని ఏ న్యాయస్థానమునందును ప్రశ్నించుటకు వీలులేకుండెను.

తెలుగునాట ఈ చట్టము క్రిందికి వచ్చినవారిలో ఎఱుకలవారు ముఖ్యులు. వీరు పూర్వము దొంగతనముపై బ్రదికినవారు కారు. ఎఱుక చెప్పుట, బుట్టలు తట్టలు అల్లుట మనమందఱ మెఱిగినదే. వారిలో ఉప్పు వర్తకము చేసినవారు విశేషముగా నుండిరని మాత్రము నేడు చాలమంది మఱచిరి. సముద్రతీరమున ఉప్పు కొని, గాడిదలపైనను ఎద్దులపైనను వేసికొని, మెట్టసీమలకు పోయి, ఉప్పునకు ధాన్యము మాఱుగా తెచ్చుకొనుట వారి జీవనము. బండిబాట లేని ఊళ్లకు వారే ఉప్పు చేర్చెడివారు. పందొమ్మిదవ శతాబ్దము రెండవ సగమున రైళ్లు వచ్చెను. ఉప్పుపై ప్రభుత్వపు కట్టుబాట్లు బిగిసెను. 1876–78 సంవత్సరముల మహాక్షామమున మెట్టసీమ మలమలమాడెను. 1882లో మద్రాసు అడవుల చట్టము రాగా, వెదురునకును పశువుల మేతకును అడవి లోనికి పోవుట కష్టమయ్యెను. ఇట్లు ఒకదాని వెంట నొకటిగా బ్రదుకుతెరువులు మూసికొనిపోయెను. అప్పుడు కొందఱు దొంగతనమునకు దిగిరి, కొందఱు దిగలేదు. కాని చట్టము ఈ ఇరు తెగలవారిని ఒక్క రిజిస్టరులోనే వ్రాసెను.

అట్లు వ్రాయబడినవారిని ఒకచోట నుంచుటకు "సెటిల్మెంటు"లను ఏర్పాటు చేసిరి. 1913లో బాపట్ల తాలూకాలో సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంస్థ నిర్వహణమున ఒక సెటిల్మెంటు వెలసెను. మద్రాసు ప్రభుత్వ కార్యాలోచన సభలోని సభ్యుడగు హెరాల్డ్ స్టువర్టు పేరిట దానికి స్టువర్టుపురమని పేరు పెట్టిరి. ఆ సంస్థవారు బడి పెట్టిరి, సాగునకు భూమి చూపిరి. కొందఱు సమీపమునగల చీరాలలో పొగాకు కర్మాగారమున పనికి పోయిరి. బడి మంచిదే, భూమి మంచిదే, పనియు మంచిదే. కాని వీని యన్నిటి మీదను హాజరుపట్టీ యుండెను.

హాజరుపట్టీ యనిన నేమో ఒక్కసారి ఆలోచింపుడు. ఒక మనిషికి పది క్రోసుల దూరమున కోతల పని దొరకినదనుకొనుడు. పోవలెనన్నచో చీటీ కావలెను. చీటీ వచ్చునప్పటికి కోతలు ముగియును. చీటీ లేక పోయినచో అదియే నేరము. రాత్రి హాజరునకు లేకపోయినచో, ఆ రాత్రి ఏ యూరిలో దొంగతనము జరిగినను మొదటి అనుమానము అతని మీదనే. దొంగిలించినవానికిని దొంగిలింపనివానికిని ఒకే విధమైన ఫలము లభించుచుండగా, దొంగిలింపక యుండుటవలన ఏమి లాభమని యువకుడు తలచినచో ఆశ్చర్యమేమి? నేరమును ఆపుటకు పెట్టిన కట్టడియే నిజాయితీతో బ్రదుకు దారికి అడ్డుకట్ట యయ్యెను.

మన వాడుకలో "కేడీ" అను తిట్టు కలదు. దాని పుట్టుక మీకు తెలియునో లేదో. పోలీసు లెక్కలలో "నోన్ డిప్రెడేటర్", అనగా దోపిడికాడని తెలిసినవాడు, అని వ్రాయుటకు బదులు కె, డి అను రెండు ఇంగ్లీషు అక్షరములను వ్రాసెడివారు. ఆ అక్షరములు రిజిస్టరునుండి వీథిలోనికి వచ్చెను, వీథినుండి ఇంటిలోనికి వచ్చెను. నేడు అల్లరి చేసిన పిల్లవానిని తల్లి ముద్దుగా తిట్టునప్పుడును ఆ మాటయే వాడుచున్నది. ఠాణా పుస్తకములోని గుఱుతు జనుల నాలుకపై కెక్కినచో దానిని తుడుచుట ఎంత కష్టమో ఈ మాటయే చెప్పును.

మద్రాసు రాష్ట్రమున 1947లోనే ఆ చట్టమును తీసివేసిరి. తక్కిన దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీన అది రద్దయ్యెను. అందుచేతనే ఆ జాతులవారిని "విముక్త జాతులు" అని పిలుచుచున్నారు. అయితే పాత చట్టము పోవుచుండగనే, నేరమునకు అలవాటుపడినవారిపై నిఘా ఉంచు చట్టములు దాని వెనుకనే వచ్చెను. వీని ప్రకారము పుట్టుకను బట్టి గాక, ఒక్కొక్కని శిక్షలను బట్టి చూడవలెను. ఆ భేదము కాగితముపై గొప్పదే. ఆచరణలో మాత్రము పాత పేళ్లపై పాత చూపే చాల కాలము నిలిచియుండెను.

స్టువర్టుపురము సంగతియే చూడుడు. ఆ ఊరి పేరు చెప్పగనే దొంగలను తలచుకొనుట తెలుగునాట అలవాటయ్యెను. 1991లో ఆ ఊరి పేరుతో రెండు చలనచిత్రములు వచ్చెను. ఒకదాని పేరు "స్టువర్టుపురం దొంగలు". చదువుకొనిన యువకుడు ఉద్యోగమునకు పోయి, మీదే ఊరు అని యడిగినప్పుడు ఏమి చెప్పవలెను? అతడు ఏ నేరమును చేసియుండలేదు. అతని తండ్రియు చేయకపోయి యుండవచ్చును. ఊరి పేరే అతని మీద చార్జిషీటు.

ఆ చార్జిషీటును మాపుటకు పూనుకొనినవారును లేకపోలేదు. మహాకవి గుఱ్ఱము జాషువా గారి కుమార్తె హేమలతా లవణము గారును, వారి భర్త లవణము గారును 1970ల నుండి స్టువర్టుపురమున పని చేసిరి. వారు పోలీసులను వెంట తీసికొని పోలేదు. ఇండ్లకు పోయి కూర్చుండిరి, స్త్రీలతో మాటలాడిరి, నేరమార్గమున నున్నవారితోను మాటలాడిరి, పిల్లలను బడికి పంపుడని చెప్పిరి, నేరమును విడిచినవారికి జీవనాధారము కల్పింపుడని ప్రభుత్వము నడిగిరి. నమ్ముటకు వెఱచుచుండిన రెండు పక్షములకు నడుమ నిలుచుటయే వారి పని. ఆ ఊరి బిడ్డలలో ఉపాధ్యాయులైనవారు, ఉద్యోగులైనవారు అనేకులు కలరు. వారిని గుఱించి ఎవరును చలనచిత్రము తీయలేదు గాన లోకమునకు తెలియలేదు.

ఇది యంతయు గతించిన కథ యని తలపకుడు. పశ్చిమ బెంగాలులో పురులియా జిల్లాలో ఖేడియా శబరులను విముక్తజాతి కలదు. 1998 ఫిబ్రవరిలో ఆ జాతివాడగు బుధన్ శబరు అనువానిని దొంగతనపు అనుమానముతో పోలీసులు పట్టుకొనిరి. కొలది దినములలోనే అతడు నిర్బంధములో మరణించెను. ఆత్మహత్య యని చెప్పిరి. రచయిత్రి మహాశ్వేతాదేవి గారు ఆ శబరుల కొఱకు స్థాపింపబడిన సంఘము పక్షమున కలకత్తా హైకోర్టున వ్యాజ్యము నడిపించిరి. హైకోర్టు ఆత్మహత్య యను మాటను నమ్మక, అతని భార్యకు పరిహారమిమ్మని ఆజ్ఞాపించెను. అనుమానము ఎంతవఱకు పోగలదో ఆ సంగతి తెలుపుచున్నది. మా బిందె కథలో మనిషి ఊరు విడిచెను; అక్కడ మనిషి ప్రాణమే విడిచెను.

సుప్రీంకోర్టువారు ఈ విషయమును ఇటీవల రెండు పర్యాయములు తాకిరి. 2024 మే నెలలో ఒక తీర్పునందు, హిస్టరీషీట్లను వెనుకబడిన జాతులలో పుట్టిన కారణముచేతనే తెఱచుట తగదనియు, అవి పోలీసువారి లోపలి పుస్తకములే గాని పదిమందిలో చాటుటకు కావనియు వివరించిరి. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన మఱియొక తీర్పునందు, కారాగారములలో కులమును బట్టి పని పంచు నియమములను కొట్టివేసి, ఖైదీల రిజిస్టరులలోని కులపు గడిని తీసివేయుడని ఆజ్ఞాపించిరి. ఒక జాతివారిని పుట్టుకచేతనే నేరమునకు అలవాటుపడినవారిగా భావించుట రాజ్యాంగమునకు విరుద్ధమని అందు స్పష్టముగా చెప్పిరి. న్యాయస్థానము రిజిస్టరులోని గడిని తీసివేయగలదు. మనస్సులోని గడిని తీసివేయుట మాత్రము దాని చేతిలో లేదు.

ఇక గ్రామపెద్దలు చేయదగిన పనులను చెప్పెదను. ఇవి ధర్మోపన్యాసములు కావు, చట్టమే మీకు చూపుచున్న దారులు.

మొదటిది: పట్టుబడినవాడును శిక్షపడినవాడును ఒకరు కారు. 2022వ సంవత్సరాంతమున మన దేశపు కారాగారములలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. అనగా నలుగురిలో ముగ్గురు దోషులని ఇంకను తేలనివారు. వీరిలో చాలమంది కేవలము జామీను ఇచ్చువారు లేక లోపల నుండిపోయిన పేదలు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో రెండు మాటలు మీరు గుర్తుంచుకొనదగినవి. జామీను హక్కుగా లభించు నేరములలో, పట్టుబడిన వారము దినములలోపల జామీను చూపలేనివానిని పేదవానిగా భావించి, జామీనుదారు లేకయే అతని ముచ్చలికపై విడువవలెను. పూర్వమెన్నడును శిక్షపడనివాడు, తన నేరమునకు విధింపదగిన గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము విచారణ ఖైదులోనే గడిపినచో, అతనిని విడువవలెను. మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని విధింపదగిన నేరములకు ఇది వర్తింపదు. అనేక కేసులు పెండింగులో నున్నవానికిని వర్తింపదు. అట్టి గడువు నిండినప్పుడు న్యాయస్థానమునకు వ్రాయుట జైలు అధికారి విధి. నిర్బంధములోనున్నవాడు ఎవడైనను, ఆదాయముతో నిమిత్తము లేక, 1987 నాటి న్యాయసేవాధికార చట్టము క్రింద ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. అక్షరములు రాని తల్లి మీ అరుగు మీదికి వచ్చి ఏడ్చినప్పుడు, ఈ సంఖ్యను కాగితముపై వ్రాసి యిచ్చినను అది సహాయమే.

మీలో ఎవరైన జామీను నిలువదలచినచో తొందరపడకుడు. వాడు వాయిదాలకు రానిచో మీరు వ్రాసియిచ్చిన సొమ్ము మీనుండి రాబట్టుదురు. కావున మనిషి నెఱిగి నిలువుడు. నిలిచిన తరువాత వాయిదా దినమును మీరును జ్ఞాపకముంచుకొని వానికి ముందునాడే చెప్పుడు. వాయిదా తప్పుటకు కారణము ఎల్లప్పుడు దురుద్దేశము కాదు. మఱపును, బస్సు చార్జీ లేకపోవుటయు కారణములగుట కలదు.

రెండవది: 1958లో నేరస్థుల ప్రొబేషను చట్టము వచ్చెను. మరణశిక్షకుగాని యావజ్జీవశిక్షకుగాని తగిన నేరము కానప్పుడు, న్యాయాధిపతి నేరస్థుని చెఱసాలకు పంపక, సత్ప్రవర్తన ముచ్చలిక వ్రాయించుకొని విడువవచ్చును. ఇరువదియొక్క యేండ్లు నిండనివాని విషయమున, కారణము వ్రాయక చెఱకు పంపరాదు. నష్టపడినవానికి పరిహారమిమ్మని చెప్పుటకును ఈ చట్టమున వీలు కలదు. ఇట్లు విడువబడినవానికి ఆ నేరమువలన ఉద్యోగాదులకు అనర్హత కలుగరాదనియు ఇందే వ్రాసిరి. ఈ తీర్పునకు ముందు ప్రొబేషను అధికారి మీ యూరికి వచ్చి, ఆ పిల్లవాడెట్టివాడు, కుటుంబమెట్టిది, మరల దారిలో పెట్టువారు కలరా యని విచారించును. అప్పుడు మీరు చెప్పు నాలుగు మాటలపై ఒక యువకుని బ్రదుకు ఆధారపడియుండును. తెలిసినది తెలిసినట్లు చెప్పుడు. తెలియనిదానిని ఊరి మాటగా చెప్పకుడు.

మూడవది: చాల కాలము శిక్ష యనుభవించినవానిని పెరోలుపై పంపుటకుగాని, ముందుగా విడుదల చేయుటకుగాని యోచించునప్పుడు, అతడు వచ్చినచో ఊరిలో శాంతికి భంగము కలుగునా యని పోలీసువారు విచారింతురు. అప్పుడు పాత పగను మనస్సున నుంచుకొని "వలదు" అనుట సులభము. నిజముగా భయమున్నచో చెప్పవలసినదే. నష్టపడిన కుటుంబమువారిని ముందుగా కలిసికొని, వారి మాట వినవలసినదే. కాని ఏటికేడు అతడు జైలులో నెట్లు మెలగెనో అడిగి తెలిసికొనకయే, పది యేండ్ల క్రిందటి మనిషి నేడును అట్లే యున్నాడని చెప్పుట సాక్ష్యము కాదు.

చెఱసాలలో మనిషి మారడని చెప్పుటకు ఆధారము లేదు. మన కేంద్ర కారాగారములలో నేతపని, వడ్రంగము, రొట్టెల తయారీ మొదలగునవి నేర్పుదురు. పనికి కూలి కట్టి ఖైదీ లెక్కలో వేయుదురు. చదువుకొనువారు సార్వత్రిక విశ్వవిద్యాలయముల పరీక్షలకు కూర్చుందురు. మంచి నడవడి గలవారిని గోడలు లేని ఖైదునకు పంపుదురు. అనంతపురము చెంతను, హైదరాబాదు చెంత చెర్లపల్లిలోను అట్టి వ్యవసాయక్షేత్రములు నెలకొనెను. అచ్చట ఖైదీలు పొలము దున్నుదురు, పశువులను మేపుదురు. పారిపోవ వీలున్నచోటనే వారు పారిపోక పని చేయుచున్నారు. జైలుశాఖవారు నడపిన పెట్రోలు బంకులలో ఖైదీలును, విడుదలయైనవారును రూకలు లెక్కించి తీసికొనుట నగరములలో ఎందఱో చూచినదే. ప్రభుత్వము తన డబ్బు పెట్టెను వారి చేతికిచ్చుచుండగా, మనము మన గడ్డివామి కావలికైనను వారిని పిలువలేమా?

నాలుగవదియు కడపటిదియు నగు పని, వచ్చినవానిని గుఱించినది. మొదటి మూడు నాలుగు మాసములే కష్టకాలము. చేతిలోని కూలి డబ్బు అప్పటికి కరగిపోవును. పాత సావాసగాండ్రు మాత్రము మొదటి దినముననే వచ్చి పలుకరింతురు. వారికి సిగ్గు లేదు, అనుమానము లేదు. మంచివారు ముఖము త్రిప్పుకొని పోవుచుండగా, చెడ్డవారే ఆదరించినచో, వాడు ఎటు పోవునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కఱలేదు. కావున పని చూపుడు. పెద్ద పని కానక్కఱలేదు. పదిమంది నడుమ చేయు పని, దినదినము కూలి చేతికి వచ్చు పని అయినచో చాలును. తాళపుచెవులు మొదటి దినముననే ఇమ్మని నేను చెప్పుటలేదు. నమ్మకమును కొంచెము కొంచెముగా పెట్టి చూడుడు. బడిలో వాని బిడ్డను "దొంగకొడుకు" అని పిలువకుండ పంతులుగారితో ఒక మాట చెప్పుడు. ఆ పిల్లవాడు బడి మానినచో రేపు మీ ఊరికి రెండవ కేసు తయారగును.

వాడు మరల దొంగిలించినచో ఏమి యని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కొందఱు మరల దొంగిలింతురు. అప్పుడు సాక్ష్యముతో పట్టి ఇయ్యుడు, చట్టము తన పని చేయును. దొంగతనము జరిగినప్పుడు మొదట వస్తువును వెదకుడు, పిమ్మట మనిషిని వెదకుడు. వస్తువును వెదకక మనిషిని పట్టుకొనుటవలన అసలు దొంగ తప్పించుకొనిపోవును. ఊరిలో ఒకడు ఎల్లప్పుడు అనుమానింపబడుచున్నచో, తక్కిన దొంగలకు అంతకన్న మంచి మఱుగు లేదు. జాగ్రత్త వేఱు, నింద వేఱు. తలుపునకు గొళ్లెము పెట్టుట జాగ్రత్త, పొరుగువాని మెడకు పెట్టుట నింద.

సొమ్ము పోయినవాని మాటయు మఱువరాదు. వాని కష్టమును కాదని నేరగాని పక్షము పట్టుట ధర్మము కాదు. పోగొట్టుకొనినవాడు ముఖము చాటుచేసికొనుచున్నంతకాలము ఊరు రెండుగానే యుండును. ఉభయులును ఒప్పుకొనినచో, తీసికొనినదానిలో కొంతయైనను నెలకింతయని తీర్చునట్లు పెద్దల సమక్షమున మాట చేయించుడు. సొమ్ము కొంచెమైనను, ఆ చెల్లింపు ఇరువురికిని ఉపశమనము కలిగించును. ఒకనికి అప్పు తీరుచున్న దను తృప్తి, మఱియొకనికి తన నష్టమును ఊరు మఱువలేదను తృప్తి. పంచాయతీవలన కాదగిన పనులలో ఇది యొకటి. ప్రాణహాని, స్త్రీలపై అత్యాచారము మొదలగు నేరములలో మాత్రము పంచాయతీ పెట్టి రాజీ చేయుటకు మీకు అధికారము లేదు. అవి న్యాయస్థానమునకే పోవలెను.

కారాగారమునుండి విడుదల యగువాని చేతికి వాని బట్టలు, వాని కూలి డబ్బు, ఊరు చేరుటకు దారి ఖర్చు ఇచ్చి తలుపు తీయుదురు. అచ్చటితో ప్రభుత్వపు పని ముగియును. వాడు బస్సు దిగి మీ రావిచెట్టు మీదుగానే ఇంటికి పోవలెను. అరుగు మీద మీరు కూర్చుండియుందురు. అప్పుడు మాటలాపి చూచుచుండవచ్చును, లేక పేరు పెట్టి పిలిచి, "వచ్చితివా, రేపు ఉదయమున మా చేనికి రా" అనవచ్చును. మా తండ్రిగారికి ఆ మాట యనుటకు మూడు మాసముల వ్యవధి యుండెను. నూతిలో బిందె దొరకిన దినమున వారు ఆ మాట చెప్పుటకు సిద్ధముగానే యుండిరి. వినుటకు ఆ మనిషి ఊరిలో లేడు.